నార పలక నిప్పును ఎంతసేపు ఆపుతుంది?

విద్యార్థులారా, కిందటి పాఠంలో గాజు నారను రెసిన్‌తో కలిపి చేసిన పలకల బలం గురించి చెప్పుకున్నాం. గాజు నార బదులు జనపనార, కొబ్బరి పీచు, గోగునార వాడవచ్చని ఆ పాఠం చివర ఒక మాట అన్నాను. వెంటనే మీకు వచ్చే సందేహం నాకు తెలుసు. గోనెసంచి అగ్గిపుల్లకే అంటుకుంటుంది కదా, దానితో రైలు బోగీ గోడ కడితే ఎలా? ఇది చాలా సరైన సందేహం. ఈ రోజు పాఠమంతా దాని గురించే.

ఖరగ్‌పూర్ నుంచి మొదలుపెడదాం. హౌరా నుంచి నూటపదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు బెంగాల్ నాగపూర్ రైల్వే పెంచిన ఊరు. వందేళ్ల కిందట ఆ కంపెనీ వర్క్‌షాపులో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లిన మనవాళ్లు అక్కడే స్థిరపడ్డారు. మధురకాఠి, నింపురా వీధుల్లో ఈ రోజుకీ తెలుగు వినిపిస్తుంది. నేను పెరిగింది కూడా అక్కడి క్వార్టర్లలోనే. మా నాన్నగారు బోగీల్లో చెక్కపని చేసేవారు. సీటు కింద పలక, కిటికీ చట్రం, తలుపు, అన్నీ అప్పట్లో చెక్కే. "సెక్క నిమ్మళంగా కాల్తాదిరా, దాని మీద పూసిన రంగే ఆగదు" అనేవారాయన. ఈ మాటలో ఎంత రసాయన శాస్త్రం ఉందో నాకు ఎం.ఎస్సీ. చదివాక గాని తెలియలేదు. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

అదే ఊళ్లో, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో, 1951లో దేశంలోని మొట్టమొదటి ఐ.ఐ.టి. మొదలైంది. ఒకవైపు బోగీలు బాగుచేసే వర్క్‌షాపు, మరోవైపు పదార్థ విజ్ఞానం, రబ్బరు సాంకేతికం నేర్పే విద్యాలయం, చుట్టూ జనుము పండే బెంగాల్ పల్లెలు. నార పలకల కథ చెప్పడానికి ఇంతకంటే తగిన చోటు లేదు.

చెక్క బదులు నార ఎందుకు వచ్చింది? 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అడవుల నరికివేతను కట్టడి చేస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. కలప కొరత ఏర్పడి, ప్లైవుడ్‌కు బదులు ఏముందని వెతకడం ఎక్కువైంది. జనపనార, కొబ్బరి పీచు పొరలు పొరలుగా పేర్చి, రెసిన్‌లో తడిపి, వేడి ప్రెస్‌లో నొక్కి చేసిన పలకలు అప్పుడు ముందుకొచ్చాయి. ఇందులో మరో లాభం బరువు. ఘన సెంటీమీటరు గాజు నార రెండున్నర గ్రాములుంటే, జనపనార ఒకటిన్నర గ్రాములకు మించదు. బోగీ బరువు తగ్గితే ఇంజను లాగే శ్రమ తగ్గుతుంది. పైగా గాజు నారను కరిగించి తీయడానికి కొలిమి కావాలి, జనుముకు ఎండ, వాన చాలు.

అయితే గాజు మండదు. జనుము మండుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

కాలేది నార కాదు, దాని ఆవిరి

మీరు పొయ్యిలో కట్టె మండడం చూశారు. జాగ్రత్తగా గమనిస్తే మంట కట్టెను అంటుకుని ఉండదు, కాస్త ఎడంగా ఉంటుంది. ఎందుకంటే మండుతున్నది కట్టె కాదు. వేడికి కట్టెలోని పెద్ద అణువులు తెగి, చిన్న చిన్న వాయువులుగా బయటికి వస్తాయి. ఆ వాయువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతాయి. ఆ మంట వేడి మళ్లీ కట్టెను తాకి ఇంకా వాయువులను పుట్టిస్తుంది. ఈ చక్రం తిరుగుతున్నంత సేపు మంట ఉంటుంది. దీన్ని ఎక్కడో ఒకచోట తెంచడమే అగ్ని నిరోధక రసాయనాల పని.

ఇప్పుడు జనపనారలో ఏముందో చూద్దాం. అందులో దాదాపు మూడింట రెండు వంతులు సెల్యులోజ్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం హెమిసెల్యులోజ్, లిగ్నిన్. ఈ మూడూ వేడికి ఒకేలా స్పందించవు. హెమిసెల్యులోజ్ అందరికంటే ముందు, 220 డిగ్రీల సెల్సియస్ దగ్గరే విడిపోవడం మొదలవుతుంది. సెల్యులోజ్ 300 దాటాక గాని గట్టిగా కదలదు, కానీ ఒకసారి మొదలైతే 400 డిగ్రీలలోపు దాదాపు అంతా పోతుంది. లిగ్నిన్ నెమ్మది మనిషి. తక్కువ వేడికే కొద్దిగా మొదలై, చాలా ఎక్కువ ఉష్ణోగ్రతల దాకా సాగుతూ, చివరికి ఎక్కువ బొగ్గు మిగులుస్తుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్ నలభై శాతం దాకా ఉంటుంది, జనపనారలో పన్నెండు, పదమూడు శాతమే. పీచు మంటగా లేవకుండా రాజుకుంటూ ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణం.

బొగ్గు మిగలడం ఎందుకు మంచిదో ఒక చిన్న లెక్క చెబుతుంది. సెల్యులోజ్ గొలుసులో ఒక కడియం భారం 162. అందులో కార్బన్ 72, మిగిలిన 90 సరిగ్గా ఐదు నీటి అణువుల భారం. అంటే నారను మనం ఒప్పించి, నీరుగా, బొగ్గుగా మాత్రమే విడిపోయేలా చేయగలిగితే, మండే వాయువు ఒక్క బొట్టు కూడా రాకూడదు. వంద గ్రాముల సెల్యులోజ్‌కు నలభై నాలుగు గ్రాముల బొగ్గు మిగలాలి. కానీ వేడి ఒక్కటే తగిలితే సెల్యులోజ్ ఆ దారిన పోదు. లీవోగ్లూకోసాన్ అనే పదార్థంగా తెగుతుంది. అది ఆవిరై, మంటకు మంచి మేత అవుతుంది. రెండు దారులూ నార ముందు ఉన్నాయి. ఏ దారిన పంపించాలన్నదే మన చేతిలో ఉన్న పని.

రెసిన్ సంగతి ఇంకా చెప్పలేదు. పలక బరువులో సగమో, అంతకన్నా ఎక్కువో అదే. పాలిప్రొపిలీన్ తీసుకోండి. 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఒంటరిగా ఉంటే మండుతూ బొట్లు బొట్లుగా కారిపోతుంది. ఆ బొట్లతో పాటు కొంత వేడీ పోతుంది. అందులో జనపనార కలిపితే కారడం తగ్గుతుంది, కానీ ఇంకో గొడవ మొదలవుతుంది. కరిగిన ప్లాస్టిక్‌ను నార పీల్చుకుని పైకి, మంట దగ్గరికి తెస్తుంది. దీపపు కుందెలో వత్తి చేసే పని అదే కదా! నూనె ఒక్కదాన్నే ముట్టించడం కష్టం, వత్తి వేస్తే సులువు. అందుకే నార పలకల్లో ఈ వత్తి గుణాన్ని పట్టించుకోకుండా రెసిన్‌కు మాత్రమే మందు వేస్తే ప్రయోజనం తక్కువ.

మండడం వేరు, తట్టుకోవడం వేరు

ఈ రెంటినీ చాలామంది ఒకటిగా అనుకుంటారు. పత్రికల్లో కూడా కలిపేస్తుంటారు. పలుచని ఇనప రేకు మండదు. కానీ ఒకవైపు మంట ఉంటే రెండోవైపు నిమిషాల్లో ఎర్రబడి, అవతల ఉన్న గుడ్డను అంటిస్తుంది. మందపాటి దుంగ మండుతుంది. కానీ పైన బొగ్గు పొర కట్టుకుని, నిమిషానికి అర మిల్లీమీటరు నుంచి ముప్పాతిక మిల్లీమీటరు చొప్పున మాత్రమే లోపలికి కాలుతుంది. ఇనుము మండదు కానీ ఆపదు, దుంగ మండుతుంది కానీ ఆపుతుంది. నాన్నగారి మాటలో సగం అర్థం ఇదే. మిగిలిన సగం పైపూత గురించి. పలక మీద పూసిన రంగు, అంటించిన రేకు మంచివి కాకపోతే మంట లోపలికి పోకుండానే గోడ పొడవునా పాకిపోతుంది.

దుంగకు ఉన్న వెసులుబాటు మన నార పలకకు లేదు. ఆరు మిల్లీమీటర్ల మందంలో కాలడానికి ఎంత సమయమని! అందుకే పలకను కొనేవాడు రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి. ఎంత సులువుగా అంటుకుంటుంది? అంటుకున్నాక అవతలివైపును ఎన్ని నిమిషాలు కాపాడుతుంది?

మొదటి ప్రశ్నకు పాతకాలపు కొలత ఆక్సిజన్ సూచిక. గాజు గొట్టంలో నమూనాను నిలబెట్టి, పైన ముట్టించి, ఆక్సిజన్, నైట్రోజన్ మిశ్రమాన్ని పంపుతారు. మంట నిలబడడానికి కనీసం ఎంత శాతం ఆక్సిజన్ కావాలో చూస్తారు. మన చుట్టూ గాలిలో ఉన్నది 21 శాతం. పత్తికి 18 చాలు, పాలిప్రొపిలీన్‌కూ అంతే. జనపనార 20, 21 దగ్గర ఉంటుంది. ఉన్నికి 25 కావాలి, అందుకే ఉన్ని కంబళి సులువుగా అంటుకోదు. ఫినాలిక్ రెసిన్లకు 30 దాటుతుంది. అంకె పెద్దదైతే మంచిది. అయితే ఈ పరీక్షను చల్లని గదిలో చేస్తారు. పలక వేడెక్కేకొద్దీ ఈ అంకె పడిపోతుంది. పక్క బెర్తు అప్పటికే మండుతున్నప్పుడు చల్లని గది అంకెను నమ్ముకోలేం.

అందుకే 1980లలో అమెరికా ప్రమాణాల సంస్థలో కోన్ కెలోరీమీటరు అనే సాధనం తయారైంది. ఇందులోని ఉపాయం నాకు చాలా ఇష్టం. మంట వేడిని నేరుగా కొలవడం కష్టం. కానీ ఏ కర్బన పదార్థం మండినా, అది చెక్కైనా ప్లాస్టిక్కైనా, ఒక గ్రాము ఆక్సిజన్ ఖర్చైతే వెలువడే వేడి దాదాపు ఒక్కటే, 13.1 కిలోజౌళ్లు. కనుక పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తే చాలు. పది సెంటీమీటర్ల చదరపు ముక్కను విద్యుత్ కొలిమి కింద పెట్టామనుకోండి. సెకనుకు పదో వంతు గ్రాము ఆక్సిజన్ ఖర్చవుతోంది. అప్పుడు వేడి సెకనుకు 1.31 కిలోజౌళ్లు. ముక్క వైశాల్యం చదరపు మీటరులో నూరో వంతు. కాబట్టి చదరపు మీటరుకు 131 కిలోవాట్లు. ఈ అంకె నిమిష నిమిషానికి ఎలా పెరిగి, ఎక్కడ శిఖరానికి చేరి, ఎలా తగ్గిందో గీసిన రేఖే ఆ పలక జాతకం.

ఆ కొలిమి ముక్క మీదికి పంపే వేడి చదరపు మీటరుకు 35 కిలోవాట్లో, 50 కిలోవాట్లో ఉంటుంది. నడినెత్తి మీద మే నెల ఎండ ఒక కిలోవాటు ఉంటుంది. గదిలో నేల మీదికి పైనుంచి దిగే వేడి 20 కిలోవాట్లకు చేరితే, గదిలోని వస్తువులన్నీ ఒక్కసారిగా అంటుకునే స్థితి దగ్గరపడినట్టే. దీన్నే ఫ్లాష్ ఓవర్ అంటారు. ఆ తరువాత లోపల ఎవరూ బతకరు. బోగీ సంగతిలో మనకు కావలసిందల్లా ఆ క్షణాన్ని వీలైనంత వెనక్కి నెట్టడం.

ఎంత వెనక్కి? 2008లో ఆగస్టు ఒకటో తేదీ తెల్లవారకముందు కేసముద్రం దగ్గర గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో, 2012 జూలై 30 తెల్లవారుజామున నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో మంటలు లేచాయి. రెండింటిలోనూ ముప్ఫై మందికి పైగా చనిపోయారు. 2013 డిసెంబరు 28న కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌లో 26 మంది. మూడూ జనం నిద్రలో ఉన్న వేళలు. 2023 జూలై 7న హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా సికింద్రాబాద్ వస్తున్న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ బొమ్మాయిపల్లి, పగిడిపల్లి మధ్య అంటుకుంది. పలు బోగీలు కాలిపోయాయి, ఒక్క ప్రాణమూ పోలేదు. అప్పుడు పగలు. పొగ చూసి గొలుసు లాగారు, రైలు ఆగింది, అందరూ దిగారు. ఈ ప్రమాదాలకు నార పలకలు కారణమని నేను అనడం లేదు. చెప్పదలచింది సమయం గురించే. మెలకువగా ఉన్నవాడికి మూడు నిమిషాలు చాలవచ్చు. పై బెర్తు మీద నిద్రపోతున్న ముసలామెకు చాలవు.

కారు విషయంలో నియమం ఇంత కఠినంగా ఉండదు. అమెరికాలో వచ్చి, చాలా దేశాలు అనుసరించిన నియమం ప్రకారం కారు లోపలి వస్తువు మీద మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకపోతే చాలు. కారు ఆపి తలుపు తీసి దిగవచ్చు కదా! జనపనార, అవిసె నార పలకలు కారు తలుపుల్లో సులువుగా చోటు సంపాదించి, రైల్లో ఇంకా గుమ్మం దగ్గరే నిలబడడానికి కారణం ఇదే. 2013లో వచ్చిన ఐరోపా రైలు ప్రమాణం ఈ.ఎన్. 45545 మంట వేడితో పాటు పొగ చిక్కదనాన్నీ, విషవాయువులనూ కొలుస్తుంది. మన దేశంలో లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ. నిర్దేశాలు పాటించాలి.

డి.ఎ.పి. వేసిన గోనె

ప్రసారం చూసినవారికి ఈ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. ఒకే గోనెసంచి నుంచి మూడు పట్టీలు కత్తిరించాం. మొదటిదాన్ని అలాగే వదిలేశాం. మిగిలిన రెండింటినీ డై అమ్మోనియం ఫాస్ఫేటు ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టాం. మన రైతులు పొలంలో వేసే డి.ఎ.పి. అదే, ప్రయోగశాలలో శుద్ధమైనది వాడాం. మొదటి పట్టీకి దీపం చూపగానే భగ్గుమని పై దాకా కాలింది. రెండోది దీపం తగిలిన మేర నల్లబడింది, దీపం తీయగానే ఆగిపోయింది.

ఏం జరిగింది? వేడికి ఆ లవణం నుంచి అమోనియా వెళ్లిపోయి ఫాస్ఫారిక్ ఆమ్లం మిగులుతుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ నుంచి నీటిని లాగేస్తుంది. నార లీవోగ్లూకోసాన్ దారి వదిలి, మనం లెక్క వేసిన బొగ్గు దారి పట్టింది. ఇది కొత్త సంగతేం కాదు. ఫ్రాన్స్‌లో నాటకశాలలు తగలబడుతుంటే గే లూసాక్ అనే రసాయన శాస్త్రవేత్త 1821లోనే అమ్మోనియం ఫాస్ఫేటు, అమ్మోనియం క్లోరైడు, వెలిగారం కలిపి నార బట్టల మీద ప్రయోగాలు చేసి చూపించాడు.

ఇక మూడో పట్టీ. దాన్ని కొళాయి కింద బాగా ఉతికి, మళ్లీ ఆరబెట్టి ముట్టించాం. మొదటి పట్టీలాగే కాలింది! లవణం నీళ్లతో పాటు మోరీలోకి పోయింది.

మందు వేసిన పలకల విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ మూడో పట్టీయే. కొన్నేళ్ల కిందట ఒక చిన్న పరిశ్రమవారు తమ నార పలకకు అగ్ని పరీక్ష ధ్రువపత్రం చూపించారు. నమూనా కొత్తది, పొడిది, అంచులు చక్కగా మూసినది. ఆ పత్రంలో అబద్ధం ఏమీ లేదు. ఆ పలకకే రెండు మేకులు కొట్టి, వారం రోజులు తడిపి ఆరబెడితే ఫలితం ఏమిటని అడిగాను. జవాబు రాలేదు. బోగీని రోజూ కడుగుతారు. మరమ్మతులో పలకను కోస్తారు, రంధ్రం చేస్తారు, కోసిన అంచు నుంచి నీరు నార వెంట లోపలికి ఎగబాకుతుంది. జనపనార గాలిలోని తేమనే తన బరువులో పదమూడు శాతం దాకా పట్టుకుంటుంది. ఇక నీళ్లు నేరుగా తగిలితే చెప్పాలా? నా అభిప్రాయంలో నార పలక అగ్ని పరీక్షను కడిగిన తరువాత, కోసిన అంచుతో చేయాలి. కొత్త నమూనా పరీక్ష సగం పరీక్షే.

నీటికి కరగని మందులు ఉన్నాయి. అల్యూమినియం హైడ్రాక్సైడు 200 డిగ్రీల దగ్గర విడిపోయి, తన బరువులో మూడో వంతుకు పైగా నీటి ఆవిరిని ఇస్తుంది. గ్రాముకు వెయ్యి జౌళ్లకు పైగా వేడిని మింగుతుంది. విషవాయువు లేదు. అయితే చారెడు వేస్తే చాలదు, కొన్నిసార్లు పలక బరువులో సగం దాకా వేయాలి. అంత పొడి కలిస్తే పలక పెళుసవుతుంది, బరువు తగ్గించాలన్న మొదటి కోరికా పోతుంది. పైగా పాలిప్రొపిలీన్ పలకను నొక్కే వేడికే అది విడిపోవడం మొదలవవచ్చు. అక్కడ 300 దాటితే గాని కదలని మెగ్నీషియం హైడ్రాక్సైడు నయం. బ్రోమిన్ సమ్మేళనాలు మంటను బాగానే ఆపుతాయి, కానీ వాటి పొగ ప్రమాదకరం. మూసి ఉన్న బోగీలో మంట కంటే ముందు మనిషిని పడగొట్టేది పొగే, ముఖ్యంగా అందులోని కార్బన్ మోనాక్సైడు. ఇప్పుడు ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఉబ్బే పూతల మీద. వేడికి అవి పూరీలా పొంగి, నురగలాంటి బొగ్గు పొరగా మారి, కింది నారకు కంబళి కప్పుతాయి. వీటిలో ఎక్కువగా వాడేది అమ్మోనియం పాలీఫాస్ఫేటు. దాని గొలుసు పొడవైనకొద్దీ నీటిలో కరగడం తగ్గుతుంది.

మందు కంటే ముందు రెసిన్‌ను ఎంచుకోవడం మేలని మరో ఆలోచన. ఫినాలిక్ రెసిన్ తక్కువ మండుతుంది, పొగ తక్కువ, బొగ్గు ఎక్కువ. హౌరా మెయిల్లో పలాస దాటేటప్పుడు జీడిపప్పు పొట్లాలు అమ్మేవాళ్లను చూసే ఉంటారు. ఆ జీడిగింజ పెంకులోని నూనె ఫినాలిక్ జాతిదే, దానితో రెసిన్ చేయవచ్చు. అయితే దాని అణువుకు పదిహేను కార్బన్ల పొడవైన తోక ఉంది, ఆ తోక నూనెలాగే మండుతుంది. దానికి ఫాస్ఫరస్‌ను తగిలించి మండే గుణం తగ్గించే పని తిరువనంతపురం పరిశోధనాలయంలో జరిగింది. జనుము బెంగాల్‌ది, జీడినూనె శ్రీకాకుళానిది, రెండూ ఒకే రైలు మార్గం మీద దొరుకుతాయి. ఈ జోడీ మీద ఇంకా చాలా పని చేయవచ్చని నాకు అనిపిస్తుంది.

చివరగా విద్యార్థులు తరచు అడిగే ఒక ప్రశ్న. కొబ్బరి పీచు పరుపు మీద బీడీ నిప్పు పడితే మంట రాదు, కానీ గంటల తరబడి లోపల కాలుతూ ఉంటుంది, ఎందుకని? అది నివురుగప్పిన నిప్పు. అక్కడ ఆవిరి మండడం లేదు, మిగిలిన బొగ్గే ఆక్సిజన్‌తో నేరుగా కలుస్తోంది. పీచులో సందులు ఎక్కువ కనుక గాలి అందుతూనే ఉంటుంది. దానికి మందు కూడా వేరు. వెలిగారం మంట పాకడాన్ని ఆపుతుంది కానీ ఈ రాజుకునే నిప్పును ఆపలేదు. బోరిక్ ఆమ్లం రాజుకోవడాన్ని ఆపుతుంది కానీ మంట పాకడం మీద పెద్దగా పనిచేయదు. అందుకే రెండింటినీ కలిపి వాడతారు. పరుపు మీద నీళ్లు చల్లి ఆరిపోయిందనుకోవద్దు. దాన్ని ఆరుబయటికి తెచ్చి, కోసి, లోపల దాకా తడపాలి. జనపనార గోదాముల్లో బేళ్లు అంటుకున్నప్పుడు అగ్నిమాపక సిబ్బంది మంటలు పోయాక కూడా ఒక్కో బేలును విప్పి తడుపుతూ కూర్చునేది ఇందుకే.